అడ్డం ఆగిన బండి

పెళ్లి కుదిరిందంటే పట్టుచీరల కోసం నెల్లూరు, చిత్తూరు వైపు కుటుంబాలు మద్రాసు బండెక్కడం తరాల నాటి అలవాటు. వాళ్లు నేరుగా వెళ్లేది టి.నగర్‌కే. ఆ పేట పేరు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టిది. అక్కడి పార్కు పేరు 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన పానగల్లు రాజాది. ఆ పార్కు దగ్గర మొదలై మౌంట్ రోడ్డు వైపు సాగే త్యాగరాయ రోడ్డునే జనం పాండీ బజార్ అంటారు. స్మార్ట్ సిటీ పథకం కింద సుమారు 40 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టి చెన్నై కార్పొరేషన్ ఆ రోడ్డు రూపం మార్చింది. 2019 నవంబరులో దాన్ని ‘పెడెస్ట్రియన్ ప్లాజా’ పేరుతో ప్రారంభించారు. పేరు చూసి అక్కడ బండ్లే తిరగవనుకుంటే పొరపాటు. కార్లూ ఆటోలూ ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. అక్కడ ప్రధానంగా తగ్గించింది ఆగి ఉండే బండ్లను. ఫుట్‌పాత్ అంచున బారులు తీరే కార్లు, స్కూటర్ల జాగాను ఫుట్‌పాత్‌లో కలిపేసి, బండ్లు కదలడానికి సరిపడా దారి మధ్యలో వదిలారు. వినడానికి చిన్న మార్పే. మన ఊళ్ల బజారు వీధులను బాగుచేయాలనుకునేవారు ముందుగా పట్టించుకోవలసింది మాత్రం దాన్నే.

ఎందుకంటే మన దగ్గర ఈ మాట ఎత్తినప్పుడల్లా చర్చ ‘బండ్లు కావాలా, మనుషులు కావాలా’ అన్న గొడవలో పడి అక్కడే ఆగిపోతుంది. నిజానికి సాయంత్రం ఆరు గంటలప్పుడు హైదరాబాదు కోఠిలోనో, విజయవాడ గవర్నర్‌పేటలోనో బండి వేగం మనిషి నడకకు మించదు. కదిలే బండితో జనం ఎలాగో సర్దుకుంటారు, చెయ్యి అడ్డం పెట్టి దాటేస్తారు. వీధిని మింగేది ఆగిన బండి. లెక్క వేసి చూడండి. కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు జాగా కావాలి. పాత బజారులో ఒక దుకాణం ముఖం పదడుగులు, అంటే మూడు మీటర్లు. ఒక్క కారు ఒకటిన్నర దుకాణానికి పైగా అడ్డం నిలుస్తుందన్నమాట. ముప్ఫై అడుగుల వీధిలో రెండు పక్కలా కార్లు నిలిపితే తొమ్మిది మీటర్లలో ఐదు పోయాయి. మిగిలిన నాలుగింటిలోనే ఎదురూబొదురూ వచ్చే బండ్లు, సరుకు దించే ట్రాలీ ఆటోలు, తోపుడు బండ్లు, పిల్లల చేతులు పట్టుకున్న తల్లులు. ఆ నాలుగు మీటర్లలో జరిగే తోపులాటను చూసి మనం ట్రాఫిక్ సమస్య అంటాం, రోడ్డు వెడల్పు చేయాలంటాం.

వెడల్పు చేయడం మన మునిసిపాలిటీలకు బాగా తెలిసిన వైద్యం. ఎర్ర రంగుతో గోడల మీద గీత పెట్టడం, దుకాణాల ముందు భాగాలు కొట్టేయడం, నష్టపరిహారం కోసం కోర్టు చుట్టూ తిరగడం, నాలుగేళ్లకు రోడ్డు పడటం. ఇంతా చేసి కలిసొచ్చిన పది అడుగుల్లో ఏముంటాయి? రెండో వరుస మోటారుసైకిళ్లు. కొట్టేసిన ఇంటి అరుగు పోయింది, నడిచే దారి మాత్రం రాలేదు. నిలపడానికి పైసా అడగని జాగా ఎంత పెంచితే అన్ని బండ్లు వచ్చి చేరతాయి.

ఫుట్‌పాత్ ఉన్నా జనం రోడ్డు మీదే నడుస్తారు, క్రమశిక్షణ లేదు అని పోలీసు అధికారులు తరచుగా అంటుంటారు. అలా అనే ముందు ఆ ఫుట్‌పాత్‌ను కాస్త దగ్గరగా చూడాలి. మొదటి దుకాణం వాడు గడప ఎత్తుకు తగినట్టు దాన్ని అడుగున్నర లేపి గ్రానైట్ మెట్టు కట్టాడు. పక్కవాడు స్కూటర్ ఎక్కించడానికి వాలు చేశాడు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ ఇనుప కంచె. కంచె దాటాక బట్టల కొట్టు బొమ్మ ఒకటి చుడీదార్ తొడుక్కుని నిలబడి ఉంటుంది. అక్కడినుంచి నాలుగు గజాలు నడిస్తే మూత పగిలిన మ్యాన్‌హోల్, దానిలో గుర్తుగా గుచ్చిన చెట్టు కొమ్మ. మోకాళ్ల నొప్పులున్న మనిషి వంద గజాల దూరానికి ఇరవైసార్లు ఎక్కి దిగాలి. అలాంటివాళ్లు రోడ్డు మీద నడవడం తెలివైన పనే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు, మించకూడదన్నాయి. ఏ అడ్డూ లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నాయి. దుకాణాలున్న వీధుల్లో ఇంకా ఎక్కువే అడిగాయి. ఏ అడ్డూ లేని దారి అన్న మాటే ముఖ్యం. కాగితం మీద మూడు మీటర్లున్న ఫుట్‌పాత్‌లో మనిషి నిజంగా నడవగలిగేది రెండడుగులే అయితే, దాన్ని రెండడుగుల ఫుట్‌పాత్‌గానే లెక్క కట్టాలి.

దుకాణదారుల అభ్యంతరం అన్నిటికంటే పెద్దది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కారు గుమ్మం ముందు ఆగకపోతే గిరాకీ పోతుందంటారు. అద్దె, జీతాలు, పండక్కి తెచ్చిన సరుకు మీద వడ్డీ లెక్క చూసుకునేవాడికి ఆ భయం సహజం. అయితే తన గిరాకీ ఎలా వస్తోందన్న విషయంలో దుకాణదారు అంచనా చాలాసార్లు తప్పుతుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక దుకాణాల వీధి మీద 2006లో జరిగిన సర్వేలో, కొనేవాళ్లలో నూటికి 41 మంది కారులో వస్తారని దుకాణదారులు చెప్పారు. కొనేవాళ్లనే అడిగితే తేలింది 22 మంది. మన సంగతి వేరే చెప్పాలా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయం, కుటీర పరిశ్రమలు కాని పనులు చేసేవారిలో నూటికి 22 మందికి పైగా నడిచే పనికి వెళ్తున్నారు. కారు, జీపు, వ్యానులో వెళ్లేవారు ముగ్గురి లోపే. అప్పటినుంచి కార్లు పెరిగిన మాట నిజం, బజారుకు వెళ్లడమూ పనికి వెళ్లడమూ ఒకటి కాదన్నదీ నిజం. అయినా బస్సు దిగి, మెట్రో దిగి, ఆటో దిగి వచ్చే జనమే మన బజార్లను నిలబెడుతున్నారనడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కారులో వచ్చిన పెద్ద బేరం గల్లాపెట్టె దగ్గర గుర్తుండిపోతుంది; నడిచి వచ్చిన నలభై చిన్న బేరాలు గుర్తుండవు.

ఆగిన ఆ బండ్లన్నీ కొనేవాళ్లవే అనుకోవడం రెండో పొరపాటు. పొద్దున పదింటికి షట్టరు లేపేటప్పుడు వచ్చి, రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించేటప్పుడు కదిలే బండ్లు ఎవరివి? యజమానులవి, సేల్స్‌మెన్‌లవి, పై అంతస్తుల్లో ఆఫీసులున్నవారివి. కొనడానికి వచ్చినవాడు ముప్పావుగంటలో వెళ్లిపోతాడనుకుంటే, పదకొండు గంటలు కదలకుండా నిలిచిన ఒక కారు పద్నాలుగు మంది గిరాకీ జాగాను తినేసినట్టు. అంటే దుకాణదారు ఏ పార్కింగ్ కోసం పోట్లాడుతున్నాడో అది తన గిరాకీకే దక్కడం లేదు. అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ ఉచిత పార్కింగ్ ఖరీదు మీద 2005లో పెద్ద గ్రంథమే రాశాడు. రోడ్డు పక్క జాగాకు రుసుము పెట్టండి, ఏడెనిమిది జాగాల్లో ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉండేంత రుసుము పెట్టండి, ఆ డబ్బు అదే వీధి బాగుకు వాడండి అన్నది ఆయన సూత్రం. మన దగ్గర గజం జాగాకు లక్షలు పలికే వీధిలో అద్దె లేకుండా దొరికేది ఒక్క బండికే, మనిషికి కాదు. ఈ మాట ఎవరికీ వింతగా తోచకపోవడమే వింత.

బండ్లు తగ్గితే వ్యాపారం పడిపోతుందన్న భయం కొత్తదేమీ కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో స్ట్రాయెట్ అనే దుకాణాల వీధిని 1962 నవంబరులో ప్రయోగంగా నడిచేవారికి వదిలినప్పుడు, చలిదేశంలో వీధిలో షికార్లు ఎవరు చేస్తారని అక్కడివాళ్లూ వెక్కిరించారు. 1964లో దాన్ని శాశ్వతం చేశారు. ఈనాటికీ ఆ నగరంలో ముఖ్యమైన దుకాణాల వీధి అదే. న్యూయార్క్‌లో 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వేను కొంతమేర కార్లకు మూసేసినప్పుడు, నగర రవాణా శాఖ కొన్ని నెలల పాటు కొలతలు తీసి చూసింది. నడిచేవారికి తగిలే గాయాలు 35 శాతం తగ్గాయి. బండ్లలో వెళ్లేవారి గాయాలు 63 శాతం తగ్గాయి. రెండో అంకె మీద కాస్త ఆగాలి. నడిచేవారికోసం చేసిన పని బండి నడిపేవారికి ఇంకా ఎక్కువ మేలు చేసింది, ఎవరు ఎక్కడ ఉంటారో ఇద్దరికీ తెలిసింది గనుక.

ఇక్కడ దాచకూడని ఎదురు సాక్ష్యం కూడా ఉంది. అదే అమెరికాలో 1959లో కాలమజూ పట్టణంతో మొదలుపెట్టి ఎన్నో ఊళ్లు తమ ప్రధాన వీధులను కార్లకు మూసేశాయి. వాటిలో చాలా వీధులు కళ తప్పాయి. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో 1964లో శిల్పాలు, నీటి ఫౌంటెన్లతో ముచ్చటగా కట్టుకున్న ఫుల్టన్ మాల్‌ను 2017లో మళ్లీ కార్లకు తెరిచింది. మరి మన బజార్లకు ఆ గతి పట్టదని ఏమిటి హామీ? ఆ ఊళ్లలో జనం అప్పటికే శివార్లకు తరలిపోయారు, అక్కడే పెద్ద మాల్స్ వచ్చాయి, నడిచి రాగలిగేంత దూరంలో మనుషులే మిగల్లేదు. ఖాళీ అవుతున్న వీధికి బండరాయి పరిచినా, శిల్పం పెట్టినా మనుషులు రారు. హైదరాబాదు సుల్తాన్ బజార్, బేగంబజార్‌లకు, విజయవాడ బీసెంట్ రోడ్డుకు ఉన్న జబ్బు దానికి సరిగ్గా ఎదురు. జనం కిటకిటలాడుతున్నారు, నిలబడటానికి చోటు లేదు. ఉన్న జనానికి చోటివ్వడం వేరు, లేని జనాన్ని రప్పించడం వేరు. ఊరి చివర కొత్త వెంచర్ల మధ్య, చుట్టూ ఇళ్లు లేని చోట ‘వాకింగ్ స్ట్రీట్’ కడతామంటే మాత్రం ఫ్రెస్నోను తలుచుకోవాలి.

రాయి పరచడంతో పని అయిపోదనడానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు. చార్మినార్ చుట్టూ నడక దారుల పథకం ఇరవై ఏళ్లకు పైగా నలిగింది. చివరికి కట్టడం చుట్టూ రాయి పరిచి, బండ్లను ఆపారు. 2021 అక్టోబరులో ఆదివారాల్లో ‘ఏక్ షామ్ చార్మినార్ కే నామ్’ మొదలుపెడితే జనం పోటెత్తారు. కట్టడం దగ్గర నడవడం ఇప్పుడు నిజంగా హాయి. కాని లాడ్ బజార్ వైపో పత్తర్‌గట్టీ వైపో తిరిగి కాస్త దూరం వెళ్తే ఆగిన స్కూటర్ల వరుస మళ్లీ మొదలు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా ఉన్న రోడ్డును బాగుచేసి 2021 సెప్టెంబరులో తెరిచారు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లు రాకూడదని నిబంధన. ఆ తర్వాత అడ్డుగా పెట్టిన దిమ్మెలు విరగడం, నిషేధ వేళల్లోనే బైకులు లోపల తిరగడం అక్కడ తరచు వినిపించే ఫిర్యాదులయ్యాయి. కట్టడానికి ఒకసారి బడ్జెట్ దొరుకుతుంది. కాపలాకు, మరమ్మతుకు, తాళ్లు కట్టి బండి ఎత్తుకుపోయే క్రేనుకు ఏటా డబ్బు ఎవరిస్తారన్నది టెండరులో ఉండదు. నా దృష్టిలో ఇలాంటి పథకం మంజూరు చేసేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఏ రాయి అని కాదు, మూడో ఏడాది జీతం ఎవరికి, ఎంత అని.

ఫుట్‌పాత్ వ్యాపారుల సంగతి ఇంతకంటే చిక్కు. ఆగిన బండిని తీసెయ్యమని అడిగినప్పుడు బండ్ల యజమానులు వెంటనే చూపించేది గాజులమ్మేవాళ్లను, జామకాయల బండివాళ్లను. అధికారులకూ వాళ్లను కదిలించడమే సులువు. పాండీ బజార్‌లోనే ఫుట్‌పాత్ వ్యాపారులను 2013లో బహుళ అంతస్తుల సముదాయంలోకి తరలించారు. పై అంతస్తులు ఎక్కి క్లిప్పులూ రిబ్బన్లూ కొనడానికి జనం రావడం లేదని వాళ్లు మొరపెట్టుకున్నారు, అందులో ఆశ్చర్యం లేదు. నడుస్తూ నడుస్తూ కంటపడితే కొనే సరుకు అది. వెతుక్కుంటూ మెట్లెక్కి ఎవరూ రారు. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లో వచ్చిన చట్టం సర్వే చేసి గుర్తింపు ఇవ్వాలంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు కావాలని చెప్పింది. దాన్ని అమలు చేసే తీరు కూడా కొలతల్లోనే ఉంది. కారు తీసేసిన రెండున్నర మీటర్లలో మీటరున్నర వ్యాపారికిచ్చినా నడిచేవారికి ఇంకో మీటరు కలుస్తుంది. ఒక కారు పొడవులో మూడు చిన్న బండ్లు నిలుస్తాయి, మూడు ఇళ్లు గడుస్తాయి. పైగా రాత్రి తొమ్మిదింటికి వీధిలో వెలుగు, మనుషుల అలికిడి ఉండేది వాళ్ల వల్లే. దుకాణాలు మూశాక ఒంటరిగా బస్టాండుకు నడిచే ఆడపిల్లకు ఆ సంగతి తెలుసు. వాళ్లు దారికి అడ్డం రాకుండా ఒక గీత లోపల ఉండాలన్నది న్యాయమైన షరతే. ఆ గీత దుకాణదారు మెట్టుకూ, చుడీదార్ బొమ్మకూ కూడా వర్తించాలి.

ముసలివాళ్లు, నడవలేనివాళ్లు గుమ్మం దాకా కారులో రాకపోతే ఎలా అన్నది మానవత్వంతో వేసే ప్రశ్నే. అయితే ఇప్పుడు వాళ్ల కారు గుమ్మం దాకా వస్తోందా? వంద గజాల దూరంలోనే ఇరుక్కుంటుంది, దిగి అడుగున్నర ఎత్తు మెట్టు ఎక్కాలి. దించి వెళ్లిపోయే జాగాలు కొన్ని విడిగా ఉంచి, చక్రాల కుర్చీ నడిచేలా ర్యాంపులు పెడితే ఈ వర్గానికే అందరికంటే ఎక్కువ లాభం. సరుకు దించడం పొద్దున పదింటిలోపు, రాత్రి తొమ్మిది తర్వాత జరగాలని పెట్టుకుంటే చాలు, హోల్‌సేల్ బజార్లలో అయితే ఇంకాస్త వెసులుబాటు కావాలి. అగ్నిప్రమాదాల మాట కూడా ఎత్తుతారు. 2017 మే 31న టి.నగర్ ఉస్మాన్ రోడ్డులో బహుళ అంతస్తుల బట్టల దుకాణం కాలిపోయింది, చివరికి ఆ భవనాన్నే కూల్చవలసి వచ్చింది. అలాంటి వేళ ఫైరింజనుకు కావలసింది అడ్డంలేని దారి. తాళం వేసి వెళ్లిన కారును పక్కకు జరపడం ఎవరి తరమూ కాదు.

బండ్లను ఇక్కడ ఆపితే పక్క సందుల్లో నిండుతాయన్న అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఎందుకంటే అది చాలామటుకు నిజం. సందుల్లో ఇళ్లున్నవాళ్ల గేట్లకు అడ్డంగా బైకులు పెట్టేస్తారు. దీన్ని ఒక వీధి పనిగా కాకుండా పేట పనిగా చూస్తేనే దారి దొరుకుతుంది. సందుల్లో నివాసులకు పర్మిట్లు, రోడ్డు పక్కన గంట గంటకూ పెరిగే రుసుము, కాస్త దూరంలో తక్కువ రుసుముకు మల్టీలెవెల్ పార్కింగ్. ఈ మూడూ ఒకేసారి రావాలి. మల్టీలెవెల్ ఒక్కటే కట్టి ఊరుకుంటే, రోడ్డు మీద ఉచితంగా దొరుకుతుండగా డబ్బిచ్చి నాలుగో అంతస్తు ఎక్కేవాడెవడు?

టి.నగర్‌లోనే 2023 మేలో మాంబళం రైల్వేస్టేషన్ నుంచి బస్టాండు దాకా 570 మీటర్ల స్కైవాక్ తెరిచారు. రైలు దిగి బస్సెక్కేవారికి మంచి సౌకర్యం. బజారుకు అది జవాబు కాదు. బజారు చేసేవాడు దుకాణం ముఖం చూస్తూ, ధర అడుగుతూ, ఎదురు వరుసలోకి దాటుతూ పోవాలి. మనిషిని పైకి ఎక్కించి కింద జాగాను బండ్లకే వదిలేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఎండ సంగతి మాత్రం మన ఊళ్లలో నిజమైన సమస్య. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే విజయవాడలో మధ్యాహ్నం నడవమంటే ఎవరికైనా కోపమొస్తుంది. పాండీ బజార్‌లో పాత చెట్ల నీడ అక్కరకొచ్చింది. మన దగ్గర రోడ్డు వెడల్పులో మొదట పడేవే చెట్లు. పత్తర్‌గట్టీలో రాతి కమానుల కింద దుకాణాల ముందు నీడలో నడిచే వసారా కట్టినవాళ్లకు ఈ ఎండ గురించి తెలుసు. పార్కింగ్ జాగా నుంచి వచ్చిన రెండున్నర మీటర్లలో వేపకో కానుగకో వేళ్లూనే మట్టి వదలడం, చెట్టు ఎదిగేదాకా షేడ్‌నెట్ కట్టడం గ్రానైట్ పలకల కంటే చవక.

వీటన్నిటికీ అవసరమూ ఉంది, చట్టం అండా ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టంగా చెప్పింది. చెన్నై కార్పొరేషన్ 2014లోనే, నడక, సైకిలు వంటి మోటారు లేని రవాణాకు తన రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం కేటాయించాలని విధానం రాసుకుంది. రాసుకున్నదంతా ఖర్చుపెట్టారని కాదు, పాండీ బజార్ ఆకాశంలోంచి ఊడిపడలేదని చెప్పడానికి ఈ మాట. కట్టడానికి ముందు అక్కడ బారికేడ్లు పెట్టి, తాత్కాలికంగా రోడ్డు మార్చి ట్రయల్స్ వేశారు. దుకాణదారులు కళ్లారా చూశారు.

మన నగరాలూ ట్రయల్స్ వేస్తాయి, అయితే ఆదివారం పొద్దున ఆరింటికి, సగం దుకాణాలు మూసి ఉన్నప్పుడు, జుంబా డాన్సు మైకుతో. దానివల్ల ఏ దుకాణదారు భయమూ తీరదు. వేయదలిస్తే శ్రావణమాసంలో, చీరలకు బంగారానికి గిరాకీ మీదుండే నాలుగు వారాలు వేయాలి. ముందు ఆషాఢం సేల్ రోజుల్లోనే దుకాణానికి ఎందరు వస్తున్నారు, ఎలా వస్తున్నారు, ఆగిన బండ్లలో ఎన్ని మూడు గంటలు దాటాయి అన్నది వ్యాపారుల సంఘం మనుషులే కూర్చుని లెక్కపెట్టాలి. ట్రయల్ రోజుల్లో మళ్లీ వాళ్లే లెక్కపెట్టాలి. బారికేడ్లకూ, రోడ్డు మీద రంగు గీతలకూ, నలుగురు హోంగార్డులకూ అయ్యే ఖర్చు ఏ వార్డు నిధుల్లోనైనా దొరికేదే. అమ్మకం పడిపోయిందని ఆ లెక్కలో తేలితే గీతలు చెరిపేయవచ్చు. పడిపోలేదని తేలితే రాయి పరిచే టెండరు గురించి అప్పుడు మాట్లాడవచ్చు.